ఇరవై ఒక్క వేల ఆరు వందల పేలు

నా కోళ్లకు పేలు పట్టిన సంగతి ఊరందరికీ తెలిసిన నెల రోజులకు నాకు తెలిసింది. అప్పటిదాకా చుండ్రు అనుకున్నాను. కోడికి చుండ్రేమిటని మీరు అడగవచ్చు. ముప్పై మూడేళ్లు ప్రభుత్వ కార్యాలయంలో కాగితాల మధ్య బతికి సూపరింటెండెంటుగా బయటపడ్డవాడికి కోడిని గురించి తెలిసిందల్లా, అది ఆదివారం మధ్యాహ్నం వస్తుందని, రాకపోతే ఆ రోజు ఇంట్లో ఏదో పూజ ఉందని.

రిటైరయ్యాక ఊరికే కూర్చోలేక మూడు రోజుల సేంద్రియ వ్యవసాయ శిక్షణకు వెళ్లాను. మొదటి రోజు ఏమీ అర్థం కాలేదు. రెండో రోజు భోజనం బాగుంది. మూడో రోజు సాయంత్రానికి నేను వేరే మనిషినైపోయాను. ఇంటికి రాగానే పళ్లపొడి పారేశాను, సబ్బు పారేశాను, మా ఆవిడ కాత్యాయని అడ్డుపడకపోతే ఇంగువ డబ్బా కూడా పారేసేవాణ్ణి. ఆ ఊపులోనే దివిసీమలో గుండ్లమెట్ట అనే ఊళ్లో ఎకరంన్నర కొని, చుట్టూ ఇనుప కంచె వేయించి, ఎనభై నాటుకోళ్లను తెచ్చి వదిలాను.

కోళ్లను చూసుకోవడానికి నాంచారమ్మ కుదిరింది. యాభై ఏళ్ల మనిషి. భర్త పోయినప్పటి నుంచి కోళ్ల మీదే బతుకుతోంది. వాళ్ల వీధిలో కుక్కలు ఎక్కువై వారానికొక కోడిని ఎత్తుకుపోతుంటే, నా కంచెను చూసి ధైర్యం తెచ్చుకుని, తన నలభై పెట్టలనూ తెచ్చి నా కోళ్లలో కలిపింది. మొత్తం నూట ఇరవై అయ్యాయి. నాకవి ముచ్చట. ఆమెకు ఆ నలభై తప్ప ఇంకేమీ లేదు. ఈ తేడా నాకు తెలియదని అనను, పట్టించుకోలేదు, అంతే.

ఒకనాటి ఉదయం నాంచారమ్మ ఒక పెట్టను చంకలో పెట్టుకుని వచ్చి, తోక కింద ఈకలు పాయలు తీసి చూపించింది. ఈకల మొదళ్లలో తెల్లగా గుత్తులున్నాయి. అవి ఈపులని, పక్కన పరుగెడుతున్నవి పేలని, చుండ్రు మాట ఇక ఊళ్లో ఎవరి దగ్గరా అనవద్దని చెప్పింది. తర్వాత నన్ను గూట్లోకి తీసుకెళ్లి, కోళ్లు ఎక్కి పడుకునే కర్ర అడుగున తెల్లగుడ్డతో ఒక్కసారి తుడిచింది. గుడ్డ మీద ఎర్రటి చారలు పడ్డాయి. అవి నల్లులు. పగలు కర్రల సందుల్లో దాక్కుని, చీకటి పడ్డాక కోడి రక్తం తాగి, మళ్లీ సందుల్లోకి పోతాయి. మందు కూడా ఆమే చెప్పింది. నాలుగు గంపల పొయ్యి బూడిద, రెండు గంపల ఇసక కలిపి గుంటలో పోస్తే కోళ్లే పొర్లి పేలను వదిలించుకుంటాయి. కర్రలకు సున్నం కొట్టి, సందుల్లో కానుగ నూనె పూస్తే నల్లుల పని అయిపోతుంది. రెండు వారాల పని.

అప్పుడే చేసేసి ఉంటే ఈ కథ లేదు. కానీ ఆ ఉదయం నేను సేంద్రియ పరిశుద్ధతా మండలి వారి ధ్రువపత్రం కోసం దరఖాస్తు నింపుతున్నాను. ముప్పై ఆరు పేజీలు. పద్నాలుగో గడి దగ్గర రెండు రోజులుగా ఆగిపోయి ఉన్నాను. 'క్షేత్రమున నివసించు ఇతర జీవుల వివరములు, సంఖ్యతో సహా' అని ఉందక్కడ. నాకు ఆవు లేదు. కుక్క లేదు. పిల్లి ఒకటి వస్తుంది కానీ నివసించదు. గడి ఖాళీగా వదిలేద్దామంటే చెయ్యి రాలేదు. గడి ఖాళీగా ఉందని నేను నా సర్వీసులో తిప్పి పంపిన దరఖాస్తులను ఒకదాని మీద ఒకటి పేరిస్తే మా గూటి కప్పుకు తగులుతాయి. అలాంటివాడికి దేవుడు పేలను చూపించాడు.

భూతద్దం పట్టుకుని ఒక పెట్టను ఒళ్లో పెట్టుకుని పూటంతా లెక్కపెట్టాను. నూట ఎనభై తేలాయి. నూట ఇరవై కోళ్లకు ఇరవై ఒక్క వేల ఆరు వందలు. నల్లులకు కర్ర ఒక్కింటికి రెండు వేలు చొప్పున ఇరవై నాలుగు కర్రలకు నలభై ఎనిమిది వేలు. ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి, కింద గీత గీసి సంతకం పెట్టాను. నాంచారమ్మ గంపతో బూడిద తెచ్చి గేటు దగ్గర నిలబడితే, దరఖాస్తు వెళ్లాక బయటి వస్తువేదీ లోపలికి రాకూడదని, మండలి వారి జవాబు వచ్చేదాకా ఓపిక పట్టమని చెప్పాను. ఆమె గంప దింపుకుని, జవాబు రావడానికి ఎన్నాళ్లు పడుతుందని అడిగింది. మా ఆఫీసు లెక్కన చెప్పడం ఇష్టంలేక త్వరలోనే అన్నాను.

జవాబు పదిహేనో రోజునే వచ్చింది. పద్నాలుగో గడిని ఇంత నిజాయితీగా నింపిన దరఖాస్తుదారు మండలి చరిత్రలో లేడని అభినందించారు. సదరు పేలను, నల్లులను 'సూక్ష్మ పశుసంపద' కింద నమోదు చేసి, వాటికొక నంబరు ఇచ్చారు. నేను ఆ ఉత్తరానికి పటం కట్టించాను. కింద చిన్న అక్షరాల్లో ఉన్న షరతులను పటం కట్టించాక చదివాను. నమోదైన జీవుల సంఖ్య ముందస్తు అనుమతి లేకుండా పదో వంతుకు మించి తగ్గరాదు. వాటికి హాని కలిగించు పదార్థములు వాడరాదు. వాటి సంక్షేమము నెలకొకసారి తనిఖీ చేయబడును. వీటిని ఉల్లంఘించినవారి కోళ్లు, గుడ్లు అమ్మకమునకు అనర్హములుగా ప్రకటించబడును.

తనిఖీకి వచ్చిన పరిశీలనాధికారి పేరు చక్రపాణి. నలభై ఏళ్లుంటాయి, ఇస్త్రీ చొక్కా, రెండు సంచుల నిండా ఫారాలు. గేటు దాటగానే పేలు కులాసానా అని అడిగాడు. కోళ్ల సంగతి అడగలేదు. అవి ఆయన ఫారంలో పేలకు 'ఆవాసము' అన్న చోట వస్తాయి. ఆవాసాలు ఎన్ని అంటే నూట ఇరవై అన్నాను. తర్వాత నాంచారమ్మ వైపు తిరిగి, నమోదిత జీవులకు ఆకలి బాధ ఏమైనా ఉందా అని అడిగాడు.

"వాటికేం బాధండి, కడుపునిండా తింటన్నాయి. తిండి లోపలికి పోనిది కోళ్లకే," అంది నాంచారమ్మ.

ఆయన మొదటి వాక్యం వరకు రాసుకుని 'తృప్తికరము' అని టిక్కు పెట్టాడు. అంతలో ఒక పెట్ట మట్టిలో గుంట చేసుకుని రెక్కలు విప్పి పొర్లడం ఆయన కంట పడింది. అదేమిటన్నాడు. స్నానమన్నాను. పొర్లితే పేలు ఏమవుతాయన్నాడు. రాలిపోతాయన్నాను. ముప్పై మూడేళ్లు ఆఫీసులో పనిచేసినవాణ్ణి, అడిగినదానికి కూడా సూటిగా జవాబు చెప్పకూడదని తెలిసినవాణ్ణి, ఆ మాట ఎలా అన్నానో ఇప్పటికీ తెలియదు.

వారంలో మధ్యంతర ఉత్తర్వు వచ్చింది. ధూళిస్నానము కోడి యొక్క సహజ ప్రవర్తన గనుక నిషేధింపరాదు. సదరు స్నానము వలన నమోదిత జీవులకు ప్రాణహాని గనుక ప్రోత్సహింపరాదు. కావున తదుపరి ఉత్తర్వుల వరకు కోడి ఒక్కింటికి రోజుకు మూడు నిమిషములు మించకుండా, బాధ్యత గల వ్యక్తి సమక్షములో అనుమతించడమైనది. బాధ్యత గల వ్యక్తిని నేను. నూట ఇరవై కోళ్లకు మూడేసి నిమిషాలంటే ఆరు గంటలు. ఉదయం ఎనిమిదింటికి స్టూలు వేసుకుని, ఒక చేతిలో గడియారం, ఒళ్లో రిజిస్టరు పెట్టుకుని కూర్చునేవాణ్ణి. కోళ్లకు ఉత్తర్వు సంగతి తెలియదు. మూడో నిమిషం కాగానే కాళ్లు పట్టుకుని గుంటలోంచి లాగేవాణ్ణి. అవి నన్ను పొడిచేవి. పొడిచినట్టు రిజిస్టరులో 'ఇతర విషయములు' కింద రాసేవాణ్ణి. నన్ను చూడటానికి పక్క ఊరి నుంచి కూడా జనం వచ్చారు. నేను వాళ్లను సందర్శకుల పుస్తకంలో సంతకం పెట్టమన్నాను.

బూడిదకు అనుమతి అడుగుతూ విడిగా రాశాను. బూడిద ఏ చెట్టుదో తెలపాలన్నారు. వేపచెట్టుదన్నాను. ఆ చెట్టు సేంద్రియమైనదేనా అన్నారు. పక్క చేలో యూరియా చల్లుతారని ఉన్న మాట రాశాను. అయితే ఆ చెట్టును మూడేళ్లు పర్యవేక్షణలో ఉంచి, శుద్ధి అయిందని తేలాక నరికి, కాల్చి, బూడిద నమూనా పంపమన్నారు. ఈ జవాబు నాంచారమ్మకు చదివి వినిపించాను. ఆమె వెనక్కి తిరిగి గూటి వైపు వెళ్లిపోయింది. ఎదురు ప్రశ్న వేయకపోవడం నాకు హాయిగా అనిపించింది. అంత మొద్దుబారిపోయి ఉన్నాను.

ఈలోగా కోళ్ల తలమీది ఎర్రటి తురాయిలు పాలిపోయాయి. గుడ్లు సగానికి పడిపోయాయి. నాంచారమ్మ కోళ్లలో ఒక కాకిపెట్ట ఉంది. నల్లగా నిగనిగలాడుతూ ఉండేది. పొదగేస్తే పన్నెండుకు పన్నెండూ పిల్లలు చేసేది. ఆమె నలభైలో సగం దాని సంతానమే. అది గుడ్ల మీద కూర్చుంటే నల్లులు గుంపులుగా పైకి పాకాయి. నాలుగో రోజుకు అది తట్టుకోలేక లేచిపోయింది. గుడ్లు చల్లబడ్డాయి.

ఆ మధ్యాహ్నం నాంచారమ్మ నా స్టూలు దగ్గరికి వచ్చి, తన నలభైని ఇంటికి తీసుకుపోతానంది. నేను రూలు తీసి చూశాను. నలభై కోళ్ల మీద ఏడువేల రెండు వందల నమోదిత పేలున్నాయి. వాటిని తరలించాలంటే చేర్చుకునే క్షేత్రం వారి సమ్మతి పత్రం కావాలి, వాహనం వివరాలు కావాలి. గంప వాహనమవునో కాదో నియమాల్లో స్పష్టంగా లేదు. స్పష్టత కోరుతూ ఈ రోజే రాస్తానని ఆమెకు చెప్పాను. అంతటితో ఊరుకోలేదు. అరవై దాటినవాణ్ణి, మనవల్ని ఎత్తుకున్నవాణ్ణి, లేచి వెళ్లి గేటుకు తాళం వేశాను.

మూడో రోజు పట్టపగలు కాకిపెట్ట ఆమె ఒళ్లో మెడ వాల్చేసింది. నాంచారమ్మ ఏడవలేదు, నన్ను తిట్టలేదు. దాని కళ్లు మూసి, రెక్కలు సర్దింది. మండలి వారి జవాబు కూడా సరిగ్గా అప్పుడే వచ్చింది. గంప వాహనము నిర్వచనములోనికి వచ్చునని, మోయువారి దేహదారుఢ్య పత్రము జతచేయవలెనని అందులో ఉంది. కోడి చనిపోతే అరపేజీ ఫారం, దాని మీద ఆవాసం కోల్పోయిన పేలకు తలకొక ఫారం చొప్పున నూట ఎనభై. నా చెయ్యి అలవాటు కొద్దీ కలం కోసం జేబులోకి పోయింది. ఆ చెయ్యి ఆమె చూసింది. నా జన్మలో ఎన్నడూ అంత సిగ్గుపడలేదు.

"తాళం తీయండి, సూపర్నెంటుగారూ," అంది. గొంతు పెంచలేదు.

తీశాను. తీసి, నా ఎనభైని కూడా తీసుకుపొమ్మన్నాను. ఆమె ఒక గంప, నేనొక గంప నెత్తిన పెట్టుకుని, అలా ఎండలో ఊరి మధ్యలోంచి ఆరుసార్లు తిరిగాం. వాళ్ల పెరట్లో బూడిద గుంట సిద్ధంగా ఉంది. ఎన్నాళ్ల నుంచి సిద్ధంగా ఉందో అడగలేదు. కోళ్లు ఒకదాని మీద ఒకటి పడి గుంటలోకి దూకాయి. రెక్కలు పరిచి, కళ్లు మూసుకుని, కాళ్లతో బూడిద పైకి ఎగజిమ్ముకున్నాయి. మూడు నిమిషాలయ్యాక నేను గడియారం చూసుకున్నాను. నాంచారమ్మ నా మణికట్టు మీద చెయ్యి వేసి కిందికి దించింది.

నాలుగో రోజు చక్రపాణి వచ్చాడు. ఖాళీ గూడును చూసి సంచిలోంచి కొత్త ఫారం తీశాడు. పేలు ఇరవై ఒక్క వేల ఆరు వందలు తప్పిపోయినవి అని రాశాడు. తెల్లకాగితంతో కర్ర తుడిచి చూస్తే చారలు ఎర్రగా కాక బూడిదరంగులో పడ్డాయి. నల్లులు నలభై ఎనిమిది వేలు ఆహారలోపముతో బాధపడుచున్నవి అని రాశాడు. ఆయన కళ్లలో నిజంగానే తడి ఉంది. ఆ తడి చూసి నేను భయపడ్డాను. లంచం తీసుకునే ఆఫీసరుతో బతకవచ్చు, నమ్మే ఆఫీసరుతో కష్టం. నేను ఆ రెండో రకం వాణ్ణి కాబట్టి తెలుసు.

వారంలోగా కోళ్లన్నీ తిరిగి గూటికి చేరాలన్నాడు. లేకపోతే నమోదిత జీవులను అక్రమంగా దాచినందుకు నాంచారమ్మ పెరటికి సీలు వేసి, ఆ కోళ్లనుగానీ గుడ్లనుగానీ ఏ సంతలోనూ అమ్మకుండా ఉత్తర్వు వేస్తారట. ఆమె అక్కడే ఉంది. ఉన్న ముప్పై తొమ్మిదీ పోతే ఏం తినాలని ఆయన్ను అడిగింది. ఆ ప్రశ్నకు ఆయన ఫారంలో చోటు లేదు. కోళ్లు రాకుండా నల్లుల ఆకలి తీరే మార్గం నియమాల్లో ఏదైనా ఉందా అని అడిగాను. ఆయన పుస్తకం వెతికి, ఉన్నదన్నాడు. ముప్పై ఒకటో నియమం. ఆవాసము అందుబాటులో లేనపుడు ప్రత్యామ్నాయ పోషకుని నియమించవచ్చును. పోషకుడు కోడియే అయి ఉండవలెనని ఎక్కడా లేదు.

"నేనున్నానండి," అన్నాను.

మర్నాడు ఉదయం పది గంటలకు చొక్కా విప్పి గూట్లో కూర్చున్నాను. నల్లులకు చీకటి కావాలి కనుక కిటికీలకు గోనెపట్టాలు కట్టించారు. బయట చక్రపాణి గడియారం పట్టుకుని కూర్చున్నాడు. నాంచారమ్మ తడికె అవతల నుంచి మధ్యమధ్య నన్ను పిలుస్తూ, ఉన్నానంటే సరేనంటూ ఉంది. ముందు వీపు మీద చీమ పాకినట్టుంది. తర్వాత చీమలు. ఆ తర్వాత లెక్క తప్పాను. గోక్కుందామంటే పోషకుడు నమోదిత జీవులను గోకరాదని చక్రపాణి ముందే సంతకం చేయించుకున్నాడు. కాకిపెట్ట నాలుగు రోజులు ఇలాగే కూర్చుంది కదా, నేను రెండు గంటలు కూర్చోలేనా అని పళ్లు బిగపట్టాను.

పన్నెండింటికి బయటికి వస్తే నా వీపు మీద అరవై మూడు దద్దుర్లు లెక్కపెట్టి చక్రపాణి సంతోషించాడు. ఇక పోషకుని ఆహార వివరాల ఫారం ఒక్కటే మిగిలిందన్నాడు. ఉదయం ఏం తాగారన్నాడు. కాఫీ అన్నాను. పొడి ఎక్కడిదన్నాడు. కొట్లోదన్నాను. చక్కెర? అదీ కొట్లోదే. ఇంకేమైనా పుచ్చుకుంటారా అన్నాడు. రక్తపోటుకు పొద్దున ఒక బిళ్ల, షుగరుకు రెండు, కొవ్వుకు రాత్రి ఒకటి అన్నాను. కొట్లో దొరికే ప్రతిదాన్నీ ఇంట్లోంచి పారేసినవాణ్ణి, నా ఒంట్లో ఉన్నదేమిటో అంతవరకు లెక్క చూసుకోలేదు. ఆయన కలం ఆగిపోయింది.

"చలపతిరావుగారూ, మీరు సేంద్రియులు కారు," అన్నాడు. తర్వాత మెల్లగా గూటి వైపు తిరిగి, "అవన్నీ తాగేశాయి," అన్నాడు.

మండలి అత్యవసరంగా సమావేశమైంది. తుది ఉత్తర్వు ఐదు పేరాలు. ఒకటి, సదరు నల్లులు రసాయనయుక్తమైన రక్తము సేవించి కలుషితమైనందున వాటి నమోదు రద్దు పరచడమైనది, వాటిని ఏడు రోజులలో ఏ విధముగానైనను తొలగించవలెను. రెండు, కాలుష్యమునకు ముందే వలస వెళ్లిన పేలు పవిత్రములే అయినను ఆచూకీ లేనందున జాబితా నుండి తొలగించడమైనది. మూడు, ఆ సమయమున గూటిలో లేని కోళ్లు పరిశుద్ధములు, అవి నిరభ్యంతరముగా తిరిగి రావచ్చును. నాలుగు, క్షేత్రమునకు సంపూర్ణ సేంద్రియ ధ్రువపత్రము మంజూరు చేయడమైనది. ఐదు, క్షేత్రమున కనుగొనబడిన ఏకైక కాలుష్య కారకము యజమాని గనుక, సదరు యజమానిని మూడు సంవత్సరముల పాటు కంచెకు వెలుపల ఉంచవలెను.

నాంచారమ్మ అదే రోజు కర్రలన్నిటికీ సున్నం కొట్టింది. సందుల్లో కానుగ నూనె పూసింది. గూటి వెనక పెద్ద గుంట తవ్వి గంపలకొద్దీ బూడిద పోసింది. అది ఏ చెట్టు బూడిదో ఎవరూ అడగలేదు, అడగకుండానే చెప్పడానికి నేను లోపల లేను. కోళ్లు తిరిగి వచ్చాయి. నెలకల్లా తురాయిలు ఎర్రబడ్డాయి. కాకిపెట్ట కూతురొకటి పన్నెండు గుడ్ల మీద కూర్చుని పన్నెండూ చేసింది. నేను కంచె బయట స్టూలు వేసుకుని చూస్తూ ఉంటాను. ఆమె రోజూ నా వంతు గుడ్లు కంచె మీది నుంచి అందిస్తుంది.

నాలుగు నెలలు అలా గడిచాక మనసు ఆగలేదు. ఐదో పేరా సడలింపు కోసం దరఖాస్తు తయారు చేశాను. నాలుగు పేజీలు, ఏడు జతపరిచిన పత్రాలు. ఒక్కటే తక్కువ. క్షేత్ర సంరక్షకురాలి సిఫారసు సంతకం కావాలి. కాగితాలను కంచె సందులోంచి నాంచారమ్మకు అందించాను. ఆమె చేతులు చెంగుకు తుడుచుకుని, నాలుగు పేజీలూ నాచేత చదివించుకుని, మొత్తం వింది. వెనక్కి తిరిగి కోళ్ల వైపు కాసేపు చూసింది. గుంటలో పదిహేను దాకా పొర్లుతున్నాయి.

"సూపర్నెంటుగారూ, ఆళ్లు పెట్టిన రూళ్లల్లో పనికొచ్చేది ఇదొక్కటేనండి. దీన్ని కూడా తీసేయించమాకండి," అంది. కాగితాలు మడిచి, పైన రెండు గుడ్లు ఎక్కువ పెట్టి, కంచె మీది నుంచి నాకు తిరిగి ఇచ్చింది.